ఇప్పగొంది రేవులో దిగేవాళ్ళు

పోయిన ఆదివారం మా మేనల్లుడు కార్తీక్ ఫోన్ చేశాడు. "అత్తయ్యా, పాపికొండల ట్రిప్పు వేస్తున్నాం. ఇక్కణ్ణుంచి కార్లో భద్రాచలం, అక్కణ్ణుంచి అడవి దారిన రేవు దాకా, లాంచీలో కొండల మధ్య నుంచి కిందికి, ఆఖరికి సముద్రం. నువ్వు చిన్నప్పుడు ఇదే దారిలో వెళ్ళావట కదా. మ్యాపు కూడా నువ్వే గీశావట. నాన్న ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ మ్యాపు ఉందా ఇంకా?" అని ఒక్క గుక్కలో అడిగేశాడు. వాడి ఫోనులో అన్ని దారులూ ఉన్నాయి. అయినా మేనత్త గీసిన మ్యాపు పట్టుకెళ్తే పిల్లలకు సరదాగా ఉంటుందట. ఆ అడవిని ఇప్పుడు నేషనల్ పార్కు అంటున్నారని కూడా వాడే చెప్పాడు. మా రోజుల్లో దానికి ఆ పేరు లేదు. అడవి, గోదావరి, పాపికొండలు, అంతే. వెతికి చూస్తానని ఫోన్ పెట్టేశాను. నిజానికి వెతకవలసిన పనేమీ లేదు. అది ఎక్కడుందో నాకు తెలుసు. ఏ ఇల్లు మారినా ఆ రేకు పెట్టె నాతోనే వచ్చింది. అడుగున ఏముందో తెలిసే పైన బట్టలు సర్దుతూ వచ్చాను.

ముప్ఫై ఏళ్ళు బళ్ళో భూగోళం చెప్పినదాన్ని. మ్యాపు గీస్తే అంచున దిక్కులు వెయ్యాలి, కింద పేరు రాయాలి అని ఎందరు పిల్లల చేత ఎన్నిసార్లు దిద్దించానో! పెట్టెలోంచి తీసిన ఆ పాత క్యాలెండరు కాగితం కింద కూడా గుండ్రటి అక్షరాలతో "గీసినది: రమ" అని ఉంది. దాని కిందే ఎర్ర తువాలు మూట ఉంది. ముడి మీద ముడి వేసి బిగించిన మూట. తీసి మంచం మీద పెట్టాను కానీ విప్పలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ విప్పలేదు. దగ్గరికి తీసుకుంటే పొగాకు వాసన ఇంకా సన్నగా వస్తోంది. విప్పేముందు దీని కథ ఒకసారి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలనిపించింది.

మా తాతల కాలంలో మావాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, భద్రాచలం నుంచి కూనవరం వెళ్ళే దారిలో, గోదావరి ఒడ్డున భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. మిరప, పొగాకు మా పంటలు. ఇంటి వెనక రెండు బ్యారన్లు ఉండేవి. అంటే పొగాకు ఆకును వేడిలో ఆరబెట్టే ఎత్తైన మట్టి ఇళ్ళు. చలికాలం నుంచి ఎండాకాలం దాకా మా ఇల్లంతా ఒకటే వాసన. తియ్యగా, ఘాటుగా, కాస్త తేనెలా, కాస్త తడిసిన గడ్డిలా ఉండేది. అన్నంలోనూ అదే, దిండులోనూ అదే. అమ్మ తెల్లవారగానే బొగ్గుల కుంపటి మీద కాఫీ పెట్టి, ఆ వాసన పోవడానికి దేవుడి దగ్గర సాంబ్రాణి వేసేది. పది నిమిషాలు సాంబ్రాణి గెలిచేది, తరువాత మళ్ళీ పొగాకే. నాన్న మాత్రం పొద్దున్నే పంచాంగం తెరిచి, తిథీ వర్జ్యం పైకి చదివి, ఆ తరువాతే చెప్పులు వేసుకునేవాడు. ఎరువుల బండి బయలుదేరాలన్నా, పిన్నికి ఉత్తరం రాయాలన్నా ఆయనకు పంచాంగం కావాలి. అమ్మ వేళాకోళం చేసేది: "మీరు తుమ్మడానికి కూడా మంచి ఘడియ చూసుకోండి."

బ్యారన్ పని అయ్యాక, ఎండలు ముదిరాక, షెడ్డులో ఆకు గ్రేడింగు మొదలయ్యేది. నిమ్మపండు రంగు ఆకు ఒక కుప్ప, నారింజ రంగుది ఒక కుప్ప, ఆకుపచ్చ మచ్చలున్నది ఇంకోటి. పొద్దుటి చల్లదనానికి ఆకు మెత్తబడి ఉన్నప్పుడే ఆ పని చెయ్యాలి, ఎండెక్కితే పొడి పొడి అయిపోతుంది. వేసవి సెలవుల్లో నేను కూడా వెళ్ళి కూర్చునేదాన్ని. పనికన్నా కబుర్లకే అనుకోండి. నా పక్కన సమ్మక్క కూర్చునేది. ఇంటిపేరు కారం. మా ఊరికి రెండు మైళ్ళ అవతల, అదే రోడ్డు మీద ఉన్న కోయ గూడెం వాళ్ళది. ఇద్దరిదీ ఒకే ఈడు, పదహారు. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది దాకా చదివి మానేసింది. పేరులోనే అక్క ఉంది కాబట్టి నేను ఆమెను ఊరికే పెద్దదాన్ని చేసి వేళాకోళం చేసేదాన్ని. మా అమ్మ వినేటప్పుడు నన్ను "అమ్మాయిగారు" అనేది, ఇద్దరమే ఉన్నప్పుడు "ఏందే రమా" అనేది. రంగు చూడడంలో షెడ్డు మొత్తంలో ఆమెకు సాటి లేరు. నాకు రెండూ ఒకేలా కనిపించే ఆకుల్ని వెలుతురులోకి పట్టుకోకుండానే వేరు చేసేది. నేను తప్పు కుప్పలో వేసిన ఆకును మాట్లాడకుండా తీసి సరైన కుప్పలో పెట్టేది. ఎప్పుడూ ఎత్తిపొడవలేదు.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. ఒకరోజు భోజనాల దగ్గర నాన్న, "ఇన్నేళ్ళుగా గోదావరి ఒడ్డున ఉంటూ పాపికొండలు చూడలేదంటే నవ్వుతారు. ఈసారి జీపు మాట్లాడుకుని వెళ్దాం" అన్నాడు. అక్కడితో మా ఇల్లు ఇల్లుగా లేదు. అమ్మ చేగోడీలు, మినపసున్నుండలు, పంపు స్టవ్వు, మాగాయ జాడీ అంటూ జాబితా కట్టడం మొదలెట్టింది. తమ్ముడు ఈత నేర్చుకుంటానని బావి చుట్టూ తిరిగి తన్నులు తిన్నాడు. నాన్న ఆలోచన ఏమిటంటే, జీపులో రేవు దాకా వెళ్ళి మేము లాంచీ ఎక్కుతాం, డ్రైవరు ఖాళీ జీపుతో ఘాటు రోడ్డు మీదుగా రాజమండ్రి వచ్చి మమ్మల్ని కలుస్తాడు, అక్కణ్ణుంచి సముద్రం. "అడవిలో దారులు చీలిపోతుంటాయి. డ్రైవరు భద్రాచలం వాడే కానీ అటు ఎక్కువ వెళ్ళలేదట. అమ్మాయీ, నువ్వు బొమ్మలు బాగా వేస్తావు కదా, ఒక మ్యాపు గియ్యి" అని ఆ పని నాకు అప్పగించాడు. నేను గర్వంగా ఒప్పుకున్నాను. కూనవరం అవతల ఒక్క అడుగు కూడా వెయ్యలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

తెలిసింది సమ్మక్కకు. వాళ్ళమ్మ పుట్టిల్లు కొండల మధ్యనే, గోదావరి సన్నబడే చోట, ఇప్పగొంది అనే చిన్న ఊరు. చిన్నప్పుడు వాళ్ళ తాతతో కాలినడకన, బండి మీద ఎన్నోసార్లు వెళ్ళిందట. షెడ్డు నేల మీద పొగాకు ఈనెలు పరిచి, నాకు దారి మొత్తం చూపించింది.

"గీడ వాగు. గీ వాగుల ఇసుక మెత్తగుంటది, జీపు దిగవడ్తది. జర మీదికి పోతే రాళ్ళ రేవున్నది, ఆడ దాటాలె. ఇగో, గీ మర్రికాడ రెండు తొవ్వలు. ఎడమదిక్కు పోయిండ్రా, తిరిగి తిరిగి మీ ఇంటికే వస్తరు."

"ఎంత దూరం?" అన్నాను పెన్సిలు పట్టుకుని.

"మా తాత లెక్కల రెండు చుట్టలు."

"అంటే?"

"రెండు చుట్టలు తాగేంత దూరమే. తాతకు మైళ్ళు రావు. నువ్వు సదువుకున్నవ్ గద, నువ్వు జెయ్యి లెక్క."

నేను చుట్టను ముప్పావు మైలుగా మార్చి రాసుకున్నాను. నవ్వుకుంటూ నవ్వుకుంటూ ఎనిమిది రోజులు గీశాం. ఏ ఊరి చెలమలో నీళ్ళు తియ్యగా ఉంటాయో, ఎండాకాలంలో ఇసుక మేటలు వేస్తాయి కాబట్టి లాంచీ ఏ రేవు నుంచి కదులుతుందో అన్నీ ఆమె చెప్పింది, నేను రాశాను. ఇంకో మాట కూడా చెప్పింది. అది నేను రాయలేదు. "భూమి పండుగ నాడు మాత్రం రావొద్దు. మొగోళ్ళంత వేటకు పోతరు. ఆడోళ్ళం రోడ్డుకు తాడు కట్టి పాటలు పాడతం. బస్సైనా సరే, పండుగకు ఏమన్న ఇచ్చేదాక ఇడ్సిపెట్టం" అంది. ఎప్పుడని అడిగాను. "ఊరి పెద్దలు ఎన్నడంటె అన్నడే. నీ క్యాలండర్ల ఉండదు అది" అని నవ్వింది. క్యాలెండరులో లేని పండుగను క్యాలెండరు కాగితం మీద ఎక్కడ రాయాలో నాకు తోచలేదు. పక్కన పెట్టేశాను.

ఆ ఎనిమిది రోజుల్లో ఒకరోజు సమ్మక్క ఈనెలు సర్దుతూ, తల ఎత్తకుండా అంది. "మా అమ్మమ్మను చూసి నాలుగేండ్లాయె. తాత పోయినంక తీస్కపోయేటోళ్ళు లేరు. ముసల్ది ఈ వానలు దాటదంటున్నరు. జీపుల జాగ ఉంటదా?" అంది. సమ్మక్క మా దగ్గర ఏదైనా అడగడం అదే మొదటిసారి. నేను ఆలోచించకుండా, "ఎందుకుండదు? నువ్వు లేకుండా దారెవరు చూపిస్తారు? నిన్ను తీసుకెళ్ళే పూచీ నాది" అన్నాను. అమ్మా నాన్నలను అడిగితే వాళ్ళు కూడా సరేనన్నారు. శ్రీరామనవమి తిరునాళ్ళకు భద్రాచలం వెళ్ళినప్పుడు దుకాణాలన్నీ తిరిగి వాళ్ళ అమ్మమ్మకు చీర ఏరి కొన్నానని సమ్మక్క వచ్చి చెప్పింది. చూపించమంటే చూపించలేదు. "ముందుగాల ముసల్దే చూడాలె" అంది. దాంతోపాటు మా పొలం ఆకే, నాన్నను అడిగి, మేలైనది కొంచెం తీసి, చీరతో కలిపి మూట కట్టి పెట్టుకుంది. వాళ్ళ అమ్మమ్మ చుట్ట తాగుతుందట.

బయలుదేరడానికి వారం ఉందనగా మా పొగాకు కొనే బయ్యరుగారు వచ్చారు. మాటల్లో ట్రిప్పు సంగతి వచ్చింది. "మా ఆవిడ కూడా ఎప్పటినుంచో అడుగుతోందండీ" అన్నారాయన. ఆ మాట తరువాత రమ్మనక తప్పుతుందా? నాన్న రమ్మన్నాడు. ఆ రోజు వంటింట్లో అమ్మ చేగోడీలు చుడుతూ నాతో మెల్లగా అంది.

"ఆ పిల్లకి ఇంకోసారి తీసుకెళ్తామని చెప్పెయ్యమ్మా."

"జీపులో చోటుంది కదమ్మా."

"చోటు సంగతి కాదే. వాళ్ళావిడ పట్టింపు మనిషట. ఆవిడ పక్కన కూర్చోబెట్టి, ఒకే గిన్నెలోంచి పులిహోర పెడితే ఏం బాగుంటుంది? నువ్వే చెప్పు."

ఇక్కడ అమ్మను తప్పు పట్టి తప్పించుకోవచ్చు. చాలా ఏళ్ళు అలాగే తప్పించుకున్నాను. కానీ ఆవిడ నన్ను అడిగింది. "నువ్వే చెప్పు" అంది. నేను మొండికేస్తే ఆవిడ కరిగేది, నాకు తెలుసు. చిన్న విషయాలకు మొండికేసి ఎన్ని సాధించుకోలేదు! ఆ రోజు మాత్రం వేడి చేగోడీ ఒకటి తీసి నోట్లో వేసుకుని బయటికి వచ్చేశాను. సంత రోజున పద్నాలుగు మందిని ఎక్కించుకునే జీపు అది. చివరికి సమ్మక్క కూర్చోవలసిన చోట పులిహోర గంప కూర్చుంది.

సమ్మక్కకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. బయ్యరుగారి భార్య పట్టింపు అని చెప్పలేను, జాగా లేదని చెబితే నమ్మదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు షెడ్డులో, ఆకు చూస్తున్నట్టు నటిస్తూ, "నాన్నకు జ్వరమే. ట్రిప్పు ఆగిపోయింది" అన్నాను. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అయ్యో, దవాఖానకు తీస్కపోయిండ్రా?" అంది. తన అమ్మమ్మ మాట ఎత్తలేదు. నేను ఆ తరువాత కూర్చుని లెక్కలు వేసుకున్నాను. వాళ్ళ గూడెం ముందు నుంచే పోవాలి, నిజమే. కానీ నాన్న పంచాంగం ప్రకారం తొమ్మిదిన్నరకు వర్జ్యం విడుస్తుంది, పది గంటలకు ఆ దారిన పోతాం. అది తునికాకు కోత కాలం. ఆ వేళకు గూడెమంతా అడవిలో ఉంటుంది. రోడ్డు మీద పిట్ట కూడా ఉండదు. అబద్ధానికి కూడా మ్యాపు గీసుకున్నానన్నమాట.

ఆదివారం ఉదయం నాన్న కొబ్బరికాయ కొట్టాడు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం, డ్రైవరు ఖాసిమన్న "జల్దీ ఎక్కుండ్రి, ఎండైతున్నది" అని హారన్ కొట్టాడు. ముందు సీటులో నాన్న, బయ్యరుగారు. వెనక అమ్మ, బయ్యరుగారి భార్య, నేను, తమ్ముడు, గంపలు. నాన్న మ్యాపు తీసి ఖాసిమన్న ముందు పెట్టి, "మా అమ్మాయి గీసింది" అన్నాడు. బయ్యరుగారు తీసుకుని చూసి, "అబ్బో, సర్వే డిపార్టుమెంటు పనికిరాదే!" అని మెచ్చుకున్నారు. నేను సిగ్గుపడుతున్నట్టు తల వంచుకున్నాను. రెండు మైళ్ళు పోయామో లేదో, పాట వినిపించింది. మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా తాడు. తాడు పట్టుకుని పది పన్నెండు మంది ఆడవాళ్ళు, తలల్లో పూలు, పాడుతూ ఊగుతూ నవ్వుతున్నారు. తాడు కొస పట్టుకుని రోడ్డు అంచున సమ్మక్క.

మేము పంచాంగం చూసుకున్నాం కానీ వాళ్ళ ఊరి పెద్దలను అడగలేదు. ఆమె ముందే చెప్పింది. నేనే రాసుకోలేదు.

నేను కింద పడిన చెప్పు వెతుకుతున్నట్టు వంగిపోయాను. ఎంతసేపని వంగి ఉంటాను? తల ఎత్తేసరికి ఆమె కిటికీ పక్కన ఉంది. నన్ను చూసింది, అమ్మను చూసింది, గంపను చూసింది, ముందు సీటులో కొత్త పంచె కట్టుకుని కూర్చున్న నాన్నను చూసింది. "అయ్యగారూ, జరం తగ్గినాదా?" అని అడిగింది.

నాన్న అయోమయంగా వెనక్కి తిరిగాడు. నా మొహం చూశాడు. ఆయనకు అర్థమైంది. "తగ్గిందమ్మా, తగ్గింది" అన్నాడు మెల్లగా. అని జేబులోకి చెయ్యి పెట్టబోతే సమ్మక్క వద్దంది. "జర ఆగుండ్రి" అని గూడెంలోకి పరుగెత్తింది. బయ్యరుగారు గడియారం చూసుకున్నారు. ఆమె తిరిగి వచ్చి ఈ ఎర్ర తువాలు మూటను కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టింది. ట్రిప్పు ఆగిపోయిందన్నా మూట విప్పలేదన్నమాట. "మా అమ్మమ్మకియ్యి. పేరు కన్నమ్మ. రేవుల ఎవల్నడిగినా చెప్తరు" అంది. తరువాత ఆడవాళ్ళ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఒకావిడ మా జీపును చూపిస్తూ ఎదురు అడిగింది. అప్పుడు మాకు కూడా వినపడాలనేమో తెలుగులోనే అంది: "మనోళ్ళే. పోనీయుండ్రి." తాడు నేల మీదికి దించేసింది. మేము దాని మీద నుంచి పోయాం. ఏ బండి దగ్గరా ఊరికే దించని తాడు అది. వెనక్కి తిరిగి చూడలేదు నేను. పాట మళ్ళీ మొదలైంది.

ఆ దారంతా ఆమె చెప్పినట్టే వచ్చింది. మెత్తటి ఇసుక వాగు, మీదికి పోతే రాళ్ళ రేవు, రెండు దారుల దగ్గర కుడివైపు. ఒక్కచోట కూడా ఖాసిమన్న బండి ఆపి ఎవరినీ అడగలేదు. ప్రతి మలుపుకూ బయ్యరుగారు నన్ను మెచ్చుకుంటున్నారు. ఆ చెలమ దగ్గర దిగి అందరం నీళ్ళు తాగాం. తియ్యగా ఉన్నాయి.

లాంచీలో కొండలు దగ్గరికి వస్తుంటే అందరూ నిలబడిపోయారు. అంత వెడల్పు గోదావరి రెండు కొండల నడుమ సందులోకి వచ్చి నల్లగా, చల్లగా, చప్పుడు లేకుండా అయిపోతుంది. మే నెల ఎండలో కూడా అక్కడ చలి వేసింది. బయ్యరుగారి భార్య చెంపలు వేసుకుంది. తమ్ముడు కేకలు పెట్టి ప్రతిధ్వని వింటున్నాడు. నేను మూట ఒళ్ళో పెట్టుకుని చెక్క బల్ల మీద కూర్చున్నాను. కొంతసేపటికి లాంచీ నడిపే సరంగు వేగం తగ్గించి, గట్టిగా అడిగాడు: "ఇప్పగొంది రేవుల దిగేటోళ్ళు ఉన్నరా?"

ఒక్క మాట చాలు. చెయ్యి ఎత్తినా చాలు. ఆ ఒడ్డు ఎంతో దూరం లేదు. వెదురు గుడిసెలు, ఎండేసిన వలలు, నీళ్ళ దగ్గర బట్టలుతుకుతున్న ఇద్దరు ఆడవాళ్ళు కనిపిస్తున్నారు. రాయి మీద ఒక ముసలావిడ కూర్చుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని లాంచీ వంకే చూస్తోంది. ఆవిడే కన్నమ్మ అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. నేను ఆలోచించింది ఇదీ: దిగితే నాన్న తోడు రావాలి, బయ్యరుగారు ఎవరి మూట అని అడుగుతారు. అదంతా ఓర్చుకోవచ్చు. కానీ ఆ ముసలావిడ మూట తీసుకుని, "మరి మా పిల్లేది?" అంటుంది. నాన్న నా వైపు చూశాడు. "దిగుదామా అమ్మా?" అన్నాడు కూడా. నేను తల అడ్డంగా ఊపి, "తిరిగొచ్చేటప్పుడు ఇద్దాం" అన్నాను. తిరుగు ప్రయాణం జీపులో, ఘాటు రోడ్డు మీద అని నాకు తెలుసు. మ్యాపు గీసింది నేనే కదా. సరంగు ఇంకోసారి అడిగి, గంట కొట్టాడు. లాంచీ ముందుకు పోయింది. ముసలావిడ చెయ్యి దించింది.

సముద్రం చూశామట. తమ్ముడు ఇప్పటికీ ఆ అలల గురించి చెబుతాడు. నాకు జ్ఞాపకం ఉన్నది జీపులో ఆ మూటలోంచి వచ్చే పొగాకు వాసన ఒక్కటే. మా ఇంటి వాసనే, కానీ ఇల్లు దాటి వచ్చి నన్ను పట్టుకున్నట్టుండేది.

తిరిగి వచ్చాక నాలుగు రోజులు షెడ్డు వైపు పోలేదు. ఐదో రోజు అమ్మ పంపితే తప్పలేదు. సమ్మక్క పక్కకు జరిగి జాగా ఇచ్చింది.

"ఇచ్చినవా?"

"ఇచ్చాను."

"ఏమన్నది?"

ఇక్కడ ఆగిపోయినా బాగుండేది. ఏమీ అనలేదు, నవ్వింది అని ఊరుకున్నా సరిపోయేది. కానీ అబద్ధం చెప్పేవాళ్ళకు అలంకారాలు ఎక్కువ. "ఎంత సంతోషపడిందో! ఎర్రంచు నాకెంతో ఇష్టం అంది. అక్కడికక్కడే చీర భుజాన వేసుకుని అందరికీ చూపించుకుంది" అన్నాను. తువాలు ఎర్రగా ఉంది, చీర అంచు కూడా ఎర్రదే అయి ఉంటుందనుకున్నాను.

"అట్లనా" అంది సమ్మక్క. "మంచిగైంది" అంది. నా ముందున్న నిమ్మ రంగు కుప్పలోంచి నేను తప్పుగా వేసిన ఒక ఆకు తీసి, పక్క కుప్పలో పెట్టింది. మళ్ళీ పనిలో పడింది. ఆ వానల్లోనే వాళ్ళ అమ్మమ్మ పోయింది. కబురు అందేసరికి వాగులు పొంగి ఉన్నాయి, సమ్మక్క వెళ్ళలేకపోయింది. మరుసటి ఏడు నేను ఖమ్మం కాలేజీకి వచ్చేశాను, ఆమెకు చింతూరు వైపు పెళ్ళయింది. వెళ్ళేదాకా నాతో మాట్లాడింది, నవ్వింది, "ఏందే రమా" అనే పిలిచింది. కానీ ఆ తరువాత నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. పాపం, నమ్మింది కదా, ఆ ముసలావిడ చీర కట్టుకుందన్న తృప్తి అయినా మిగిలింది కదా అని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. నా తప్పులో నాకు మిగిలిన ఒకే ఒక్క మంచి అదే.

ఇప్పుడు కార్తీక్ వాళ్ళు ట్రిప్పు వేసే తీరు చూస్తుంటే ముచ్చటేస్తుంది. ఎవరికి ఏ సీటో ముందే ఫోనులో గ్రూపు పెట్టి రాసుకున్నారు. వాళ్ళ ఆఫీసులో పనిచేసే కోయ కుర్రాడు, అతని భార్య కూడా వాళ్ళ కారులోనే వస్తున్నారు. అందరూ ఒకే హోటల్లో ఒకే బిర్యానీ తింటారు. అదొక సంగతని కూడా వాళ్ళకు తోచదు. మా అమ్మ ఉంటే ఏమనేదో తెలియదు కానీ, నాకు మాత్రం కడుపు నిండినట్టుంది. ఒడ్డు ఊళ్ళు కొన్ని నది దిగువన కట్టే ఆనకట్ట కోసం ఖాళీ అయిపోయాయని, ఇప్పగొంది పేరు ఏ మ్యాపులోనూ రావడం లేదని వాడే చెప్పాడు. "ఊరు లేదు అత్తయ్యా, నీ మ్యాపులోనే ఉంది" అన్నాడు.

ఇంత రాశాక, ఇందాకే మూట విప్పాను. ముడి రాయిలా బిగుసుకుపోయింది. హెయిర్ పిన్నుతో పొడిచి పొడిచి లాగితే వదిలింది. పొగాకు పిండి అయిపోయి మంచమంతా రాలింది. లోపల చీర నాలుగు మడతల మీద ఉంది. పట్టుకోగానే మడతల వెంట చిరిగింది. నేత చీర, తెల్లది. రెండు వేళ్ళ వెడల్పు అంచు. నీలం అంచు.

చీర మొత్తం పరిచి చూశాను. కొంగు చూశాను. ఎరుపన్నది ఒక్క పోగు కూడా లేదు.

ఎన్నో దుకాణాలు తిరిగి, ఏరి కొనుక్కున్న పిల్ల. నిమ్మ రంగుకూ నారింజ రంగుకూ మధ్య తేడాను వెలుతురు లేకుండా కనిపెట్టే పిల్ల. ఎర్రంచు అని నేను నోరు తెరిచినప్పుడే ఆమెకు తెలిసిపోయింది. చీర చేరలేదని, నేను దిగనే లేదని, అమ్మమ్మ ఎదురు చూస్తూనే ఉందని. అన్నీ తెలిసే "మంచిగైంది" అంది. రెండోసారి కూడా నా కోసం తాడు దించేసింది. నేను ఆమెకు ఇచ్చాననుకున్న తృప్తి కూడా ఆమె నాకు పెట్టిన భిక్షే. మంచం పట్టె పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. అరవై దాటిన మనిషిని, పదహారేళ్ళ పిల్ల ముందు సిగ్గుతో చచ్చిపోయాను.

మొహం కడుక్కుని కార్తీక్‌కు ఫోన్ చేశాను.

"మ్యాపు దొరికిందా అత్తయ్యా?"

"దొరికింది. కానీ అది నేను గీసింది కాదురా. నేను రాశానంతే. గీసింది కారం సమ్మక్క. కింద పేరు దిద్ది ఇస్తాను."

"ఎవరావిడ?"

"వచ్చి చెప్తాను. కార్లో నాకో సీటు పెట్టు. కూనవరం రోడ్డులో ఒక గూడెం దగ్గర ఆగాలి. అక్కడ లేకపోతే చింతూరు వైపు వెతకాలి. అసలు ఉందో లేదో కూడా తెలియదు."

"సరే, ఆగుదాం. కానీ ఇన్నేళ్ళ తరువాత కలిస్తే ఏం చెప్తావు అత్తయ్యా ఆవిడకి?"

"నీలం అంచని చెప్తాను."